మిగులు నగదు, అప్పులేని ఖాతాలు, మూడు కుటుంబ శాఖలు: బైబ్యాక్‌కు వెళ్లవచ్చా?

మోటారుపంపు, 2025 నవంబర్ 3

నమస్కారం. మాది బోరుబావి మోటార్లు, పంపుసెట్లు తయారుచేసే కంపెనీ. తాతగారు స్థాపించారు, 1994లో పబ్లిక్ ఇష్యూకు వెళ్లింది. పది రూపాయల ముఖ విలువతో కోటి షేర్లున్నాయి. అందులో 64 శాతం మా కుటుంబం చేతిలో ఉంది: పెద్దనాన్నగారి శాఖకు 28, మా నాన్నగారి శాఖకు 22, గుంటూరులో ఉండే మేనత్తగారికి 14. షేరు ధర కొంతకాలంగా 600 రూపాయల దగ్గరే ఆడుతోంది. నిరుటి నికర లాభం 42 కోట్లు. చెల్లించిన మూలధనం, స్వేచ్ఛా రిజర్వులు (పంచడానికి వీలున్న పాత లాభాలు) కలిపితే 240 కోట్లు. ఫిక్స్‌డ్ డిపాజిట్లలో 90 కోట్లు ఉన్నాయి, అప్పు మాత్రం ఒక్క రూపాయి లేదు. అప్పులేనివాడే అధిక సంపన్నుడని తాతగారు పట్టుకున్న సూత్రాన్ని మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ ప్రశ్నించలేదు.

గత నెలలో ఒక మర్చంట్ బ్యాంకర్ వచ్చి ఈ సూత్రమే మా షేరును కిందకు లాగుతోందని చెప్పారు. ఆయన ప్రతిపాదన ప్రకారం షేరుకు 720 రూపాయల చొప్పున 60 కోట్ల బైబ్యాక్ చేయాలి, అంటే కంపెనీయే తన షేర్లను వాటాదారుల దగ్గర తిరిగి కొనాలి. అందులో 30 కోట్లు డిపాజిట్ల నుంచి తీసి, మిగతా 30 కోట్లు టర్మ్ లోన్‌గా తేవాలి. అలా చేస్తే ఈపీఎస్ (షేరుకు వచ్చే లాభం) తొమ్మిది శాతం పెరుగుతుందని ఒక చార్టు కూడా చూపించారు. పెద్దనాన్నగారికి ఇది నచ్చింది, ఎందుకంటే షేరు అసలు విలువ మార్కెట్‌కు తెలియడం లేదని ఆయన నమ్మకం. పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డారు కాబట్టి తన వాటాలో కొంత నగదు చేసుకోవాలని మేనత్తగారు మూడేళ్లుగా అడుగుతున్నారు, ఈ దారిలో ఆ పనీ జరిగిపోతుందని నాన్నగారు అంటున్నారు. నేను బోర్డులో చేరి రెండేళ్లే అయింది. ఒకే దెబ్బకు ఇన్ని పిట్టలు పడతాయంటే నాకు ఎందుకో నమ్మబుద్ధి కావడం లేదు. అనుభవమున్నవారు చెప్పగలరా?


లెక్కలపుస్తకం, 2025 నవంబర్ 4

మీ సందేహం సరైనదే. మొదట అప్పు సంగతి చూద్దాం, ఎందుకంటే ఆ ప్రతిపాదన అక్కడే ఆగిపోతుంది. మన దేశంలో లిస్టయిన కంపెనీ బైబ్యాక్ చేసేటప్పుడు, బ్యాంకుల నుంచి గానీ ఆర్థిక సంస్థల నుంచి గానీ తెచ్చిన అప్పును ఇందుకు వాడబోమని బహిరంగ ప్రకటనలోనే రాసివ్వాలి. కంపెనీల చట్టం 68వ సెక్షన్ కూడా స్వేచ్ఛా రిజర్వులు, సెక్యూరిటీస్ ప్రీమియం (షేర్ల జారీలో ముఖ విలువకు మించి వచ్చిన సొమ్ము) వంటి వనరుల నుంచే డబ్బు తీయమంటుంది. అప్పు తెచ్చి షేర్లు కొని మూలధన స్వరూపాన్ని ఒక్కసారిగా తిరగేయడమనే అమెరికా పాఠ్యపుస్తకాల పద్ధతి ఇక్కడ నేరుగా సాగదు. ఆయన ఆ చార్టును ఏదో విదేశీ నమూనా నుంచి తెచ్చినట్టున్నారు. కాకపోతే 60 కోట్ల అంకె మాత్రం యాదృచ్ఛికం కాదు. మూలధనం, స్వేచ్ఛా రిజర్వుల మొత్తంలో 25 శాతం దాటకూడదని చట్టం చెబుతుంది, 240 కోట్లలో అది సరిగ్గా 60. అంటే మిమ్మల్ని గరిష్ఠ పరిమితి దాకా తీసుకువెళ్తున్నారన్నమాట.

ఇక ఆ తొమ్మిది శాతం. 60 కోట్లను 720తో భాగిస్తే 8.33 లక్షల షేర్లు వస్తాయి, మిగిలేవి 91.67 లక్షలు. 42 కోట్లను వాటితో భాగిస్తే షేరుకు 45.82 రూపాయలు కనిపిస్తుంది, అదే ఆయన చూపించిన పెరుగుదల. అయితే ఆ 60 కోట్లు ఇప్పుడు డిపాజిట్లలో ఊరికే పడి లేవు కదా. ఏడు శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 4.20 కోట్లు వస్తున్నాయి, 25.17 శాతం కంపెనీ పన్ను పోగా 3.14 కోట్లు మిగులుతున్నాయి. డిపాజిట్లు తీసేస్తే లాభం 38.86 కోట్లకు తగ్గుతుంది, షేరుకు 42.39 రూపాయలు. ఇప్పుడున్నది 42. కోటి షేర్ల కంపెనీలో 60 కోట్లు ఖర్చుపెట్టి తెచ్చుకునే పెరుగుదల షేరుకు 39 పైసలు.

ఒకవేళ అప్పుకు చట్టం అడ్డు రాకపోయినా లెక్క ఇంకా చెడేది. 720 పెట్టి కొనే షేరు 42 రూపాయలు సంపాదిస్తోంది, అంటే 5.83 శాతం. తొమ్మిదిన్నర శాతానికి అప్పు తెస్తే పన్ను ఆదా పోగా 7.1 శాతం పడుతుంది. వడ్డీ మీద పన్ను ఆదా అవుతుందన్న మాట నిజమే గానీ, ఆ ఆదాతోనే ఖరీదైన కొనుగోలు చౌకైపోదు.

ఇంకొక మాట అడగాలి. 90 కోట్లలో నిజంగా మిగులు ఎంత? పంపుసెట్ల వ్యాపారంలో సంక్రాంతి దాటగానే డీలర్లకు సరుకు ఎత్తాలి, రాగి వైండింగ్ తీగ, స్టాంపింగులు, కాస్టింగులు ముందే కొనిపెట్టుకోవాలి. డబ్బు మాత్రం వేసవి ముగిశాక గానీ తిరిగిరాదు. పీఎం కుసుమ్ కింద సోలార్ పంపుల టెండర్లలో ఉంటే ప్రభుత్వ సంస్థల దగ్గర బిల్లులు నిలిచిపోయే కాలాన్నీ కలుపుకోవాలి. మార్చి 31 నాటి బాలెన్స్ షీట్ చూసి మిగులు తేల్చకండి. గత ఐదేళ్ల నెలవారీ నగదు నిల్వలు ముందు పెట్టుకుని, వాటిలో అతి తక్కువగా ఉన్న నెల ఏదో చూడండి.

పన్ను విషయం మేనత్తగారికి ముఖ్యం. 2024 అక్టోబర్ 1కి ముందు బైబ్యాక్ పన్నును కంపెనీయే కట్టేది, వాటాదారు చేతికి వచ్చిన డబ్బుకు పన్ను ఉండేది కాదు. మన హైదరాబాదు కంపెనీ అరబిందో ఫార్మా 2024 జులైలో షేరుకు 1,460 రూపాయల చొప్పున ప్రకటించిన 750 కోట్ల బైబ్యాక్ ఆ పాత పద్ధతి కిందిదే. ఇప్పుడు చేతికి వచ్చే మొత్తమంతా డివిడెండ్‌గా లెక్క, కొన్న ధరను అందులోంచి తీసివేయడానికి వీల్లేదు, అది విడిగా మూలధన నష్టంగా మాత్రమే మిగులుతుంది. మేనత్తగారు పై శ్లాబులో ఉంటే సర్‌ఛార్జి, సెస్సుతో కలిపి 35.88 శాతం పడుతుంది. 720లో ఆమెకు మిగిలేది సుమారు 462 రూపాయలు. అదే షేరును మార్కెట్లో 600కు అమ్మితే దీర్ఘకాలిక లాభం మీద సర్‌ఛార్జి, సెస్సుతో 14.95 శాతమే, కొన్న ధర పది రూపాయలేనని అనుకున్నా సుమారు 512 రూపాయలు మిగులుతాయి. కొన్న ధరకు బదులు 2018 జనవరి 31 నాటి ధరను ఆధారంగా తీసుకునే వెసులుబాటు వర్తిస్తే ఇంకా ఎక్కువే మిగులుతుంది. ఇరవై శాతం ఎక్కువ ధర ఇచ్చి యాభై రూపాయలు తక్కువ చేతికందించే ఏర్పాటును ఆమెకు మేలు అని ఎలా చెబుతారు?


బోర్డుగదిగుమాస్తా, 2025 నవంబర్ 4

పై లెక్కలతో ఏకీభవిస్తాను. నేను రెండు లిస్టయిన కంపెనీల్లో కంపెనీ సెక్రటరీగా పనిచేశాను కాబట్టి, కుటుంబ వాటా పరంగా కనిపించని ఒక గుంతను చూపిస్తాను.

60 కోట్ల బైబ్యాక్‌లో కుటుంబం ఒక్క షేరు కూడా ఇవ్వదనుకుందాం. అప్పుడు మీ 64 లక్షల షేర్లు 91.67 లక్షల్లో భాగమవుతాయి, వాటా 69.8 శాతానికి చేరుతుంది. ప్రమోటర్లకు, అంటే కంపెనీ పగ్గాలున్న మీ కుటుంబం వంటివారికి, ఉన్న 75 శాతం పరిమితి దాటలేదు కదా అని ఊపిరి పీల్చుకోవద్దు. టేకోవర్ నిబంధనల ప్రకారం 25 శాతానికి పైన ఉన్నవారు ఒక ఆర్థిక సంవత్సరంలో ఐదు శాతానికి మించి వాటా పెంచుకుంటే ఓపెన్ ఆఫర్ బాధ్యత, అంటే మిగతా వాటాదారుల షేర్లనూ కొంటామని ముందుకు రావలసిన బాధ్యత, వస్తుంది. మీది 5.8 పెరుగుతోంది. బైబ్యాక్ వల్ల కలిగిన పెరుగుదలకు మినహాయింపు ఉంది గానీ దానికి షరతుంది: లాభపడే వాటాదారు ఆ తీర్మానానికి అనుకూలంగా ఓటు వేసి ఉండకూడదు, అది బోర్డు తీర్మానమైతే డైరెక్టరు హోదాలోనూ వేసి ఉండకూడదు. 10 శాతం, అంటే మీ విషయంలో 24 కోట్లు దాటితే, వాటాదారుల ప్రత్యేక తీర్మానం తప్పదు. దాన్ని మీ 64 శాతం ఓట్లు లేకుండా, బయటి వాటాదారుల్లో నాలుగింట మూడు వంతుల మద్దతుతో గెలిపించుకోవలసి ఉంటుంది. కుటుంబం చేతిలో ఉన్న కంపెనీకి అలవాటు లేని పని ఇది. 24 కోట్లలోపు ఆగితే బోర్డు తీర్మానం చాలు, కొనేది 3.33 లక్షల షేర్లే, మీ వాటా 66.2 దగ్గర ఆగుతుంది, ఈ చిక్కు ఉండదు.

పరిమితికి దగ్గరగా ఉన్నవారి పరిస్థితి ఇందుకు పూర్తిగా తలకిందులు. విప్రో 2023లో షేరుకు 445 రూపాయల చొప్పున 12,000 కోట్ల బైబ్యాక్ చేసింది, అది మొత్తం షేర్లలో 4.91 శాతం. అప్పటికి ప్రమోటర్ల వాటా సుమారు 73 శాతం. వారు షేర్లు ఇవ్వకుండా కూర్చుంటే వాటా 76.7కు చేరి, పబ్లిక్ చేతిలో కనీసం 25 శాతం ఉండాలన్న నియమానికి విరుద్ధమయ్యేది. ప్రమోటర్లు అందులో పాల్గొన్నారు. అక్కడ పాల్గొనడం అవసరం, మీ దగ్గర అది ఐచ్ఛికం. ప్రమోటర్లు షేర్లు ఇవ్వడాన్ని చూసి కంపెనీ మీద వారికే నమ్మకం లేదని తీర్మానించేవారు ఈ తేడాను గమనించరు.

ఇక మేనత్తగారిని బయటకు పంపడానికి బైబ్యాక్ పనికివస్తుందన్న నాన్నగారి ఆలోచన. టెండర్ మార్గంలో, అంటే ప్రకటించిన ధరకు వాటాదారులే షేర్లు ఇవ్వజూపే పద్ధతిలో, ఎవరి షేర్లు ఎన్ని తీసుకోవాలో కంపెనీ ఇష్టం కాదు. రికార్డు తేదీన (వాటాదారుల జాబితా తేల్చే రోజున) రెండు లక్షల రూపాయలకు మించని విలువ గల షేర్లున్న చిన్న వాటాదారులకు 15 శాతం కేటాయించాలి, మిగతాది అందరికీ దామాషాలోనే. మీ కంపెనీలో చిన్నవారి చేతిలో తొమ్మిది లక్షల షేర్లున్నాయని అనుకుంటే, మేనత్తగారికి వందకు ఎనిమిదికి తక్కువగా హక్కు వస్తుంది, 14 లక్షల్లో దాదాపు లక్షా తొమ్మిది వేలు. మిగతా శాఖలు ఇవ్వకపోతే ఆ ఖాళీలో ఇంకొన్ని తీసుకోవచ్చు గానీ ఎన్నో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఎక్స్ఛేంజీ మీద మెల్లగా కొనే మార్గం 2025 ఏప్రిల్ 1 నుంచి మూతపడింది. అది ఉన్న రోజుల్లోనూ ప్రమోటర్లకు అందులో చోటు లేదు. డాక్టర్ రెడ్డీస్ 2016లో 1,569 కోట్ల గరిష్ఠ మొత్తంతో ఆ మార్గంలోనే వెళ్లింది.


పాతవాటాదారు, 2025 నవంబర్ 6

నేను మీలాంటి కుటుంబ కంపెనీల్లో చిన్న వాటాదారుగా ముప్పై ఏళ్లుగా ఉన్నాను. గోడకు అవతలి వైపు నుంచి కొంచెం చెబుతాను.

బైబ్యాక్ అంటే మిగిలేవాళ్లు వెళ్లిపోయేవాళ్ల వాటాను కొనడం. అందరి సొమ్ముతో ఆ కొనుగోలు జరుగుతుంది, ధర నిర్ణయించేది మాత్రం మిగిలేవాళ్లలో పెద్దవాళ్లు. పెద్దనాన్నగారు షేరు చౌకగా ఉందని నిజంగా నమ్మితే, 720కి నా షేరు ఇచ్చేసిన నేను నష్టపోతాను. ఆయన పొరబడితే షేరు అట్టిపెట్టుకున్నవాళ్లు నష్టపోతారు. ఇందులో ఏ తప్పూ లేదు, కానీ వచ్చే ఏడాది ఆర్డర్ల పుస్తకం ఆయనకు తెలుసు, నాకు తెలియదు. అందుకే ప్రమోటర్లు పాల్గొంటారా లేదా అన్న ఒక్క వాక్యం కోసం నేను ఆఫర్ పత్రం మొత్తం తిరగేస్తాను. మీరు చేయదలిస్తే, ఎందుకు పాల్గొనడం లేదో కూడా రెండు ముక్కల్లో చెప్పండి. చట్టం అడగదు, మేము గుర్తుంచుకుంటాం.

ఈరోజు ఉన్న పన్ను పద్ధతిలో మాకు మిగులు పంచాలనే ఉద్దేశమైతే ప్రత్యేక డివిడెండ్ ఎందుకు ఆలోచించలేదో అర్థం కాలేదు. షేరుకు 25 రూపాయలు ఇస్తే కంపెనీకి 25 కోట్లు ఖర్చు. మేనత్తగారికి పన్నుకు ముందు మూడున్నర కోట్లు అందుతాయి, షేర్లూ ఆమె దగ్గరే ఉంటాయి, ఏ శాఖ వాటా మారదు. పన్ను శాతం రెండింటికీ ఒకటే.

మరొకటి చెప్పకుండా ఉండలేను. మేనత్తగారి షేర్లను అన్నదమ్ములు కొనుక్కోవాలనే మాట మీ ఇంట్లో రేపో మాపో వస్తుంది. ప్రమోటర్ల మధ్య బదిలీకి నిబంధనల్లో మినహాయింపు ఉంది కూడా. ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తారన్నదే ప్రశ్న. సొంత షేర్లు తాకట్టుపెట్టి తెస్తే, కంపెనీ ఖాతాల్లో లేని అప్పు కుటుంబం నెత్తిన కూర్చుంటుంది. నేను సత్యం కంప్యూటర్స్ షేర్లున్నవాణ్ణి. 2008 డిసెంబర్‌లో దాని ప్రమోటర్ల కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలు ప్రతిపాదన బెడిసికొట్టాక, ఆ నెలలోనే బైబ్యాక్‌ను పరిశీలించడానికి బోర్డు సమావేశం పెడుతున్నామని ప్రకటించారు, నేను మా ఇంట్లో సంతోషంగా ఆ వార్త చదివి వినిపించాను కూడా. 2009 జనవరి 7న సత్యం ఛైర్మన్ రామలింగరాజు లేఖ వచ్చింది: ఖాతాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవని. అప్పటికే ప్రమోటర్లు తాకట్టుపెట్టిన షేర్లను అప్పిచ్చినవాళ్లు అమ్మేసుకున్నారు. ప్రమోటర్లు తమ తాకట్టులను వెల్లడించి తీరాలని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమం తెచ్చింది ఆ జనవరిలోనే. మీ కంపెనీని దానితో పోల్చడం నా ఉద్దేశం కాదు. మీ 90 కోట్లకు బ్యాంకు ధ్రువపత్రాలు ఉంటాయి, సందేహం లేదు. కానీ అప్పు లేదని మురిసిపోయే ముందు ఎవరి ఖాతాలో లేదో చూడాలి.


ఆర్కాన్సాతెలుగు, 2025 నవంబర్ 7

అమెరికా ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక చిన్న చేర్పు. నేనుండే లిటిల్ రాక్‌లోనే డిల్లార్డ్స్ దుకాణాల ప్రధాన కార్యాలయం ఉంది. అక్కడ బి తరగతి షేర్లు కుటుంబం చేతిలో ఉంటాయి, డైరెక్టర్లలో మూడింట రెండు వంతుల మందిని అవే ఎన్నుకుంటాయి. ఇరవై ఏళ్ల కిందట ఎనిమిది కోట్ల దరిదాపుల్లో ఉన్న షేర్లను కొంటూ కొంటూ ఇప్పుడు కోటిన్నర చిల్లరకు దించారు. కుటుంబం జేబులోంచి డబ్బు తీయకుండానే దాని వాటా పెరిగింది. ఇది ఒక్కసారి అప్పు తెచ్చి చేసిన పని కాదు, ఏటా వ్యాపారం ఇచ్చిన నగదుతో, ధర తక్కువగా ఉన్నప్పుడు ఎక్కువగా కొంటూ సాగించింది. మీ దగ్గర రెండు బైబ్యాక్‌ల మధ్య ఏడాది విరామం తప్పనిసరి, పైగా ఎక్స్ఛేంజీ మార్గం మూతపడింది. ఆ ఓపిక పద్ధతి అక్కడ అంత సులువుగా సాగదనుకుంటాను.


మోటారుపంపు, 2025 నవంబర్ 19

అందరికీ ధన్యవాదాలు. ఐదేళ్ల నెలవారీ నిల్వలు తీయించాను. మార్చిలో మా డిపాజిట్లు నిరుడు 52 కోట్లకు, రాగి ధర ఎగిసిన ఏడాది 41 కోట్లకు పడిపోయాయి. బాలెన్స్ షీట్‌లో 90 కనిపించడానికి కారణం, మా ఆర్థిక సంవత్సరం ముగిసే వారంలో పెద్ద డీలర్లు రిబేటు కోసం బాకీలు కట్టేయడమేనట. ఈ సంగతి మా అకౌంటెంటుకు ముప్పై ఏళ్లుగా తెలుసు, ఆయనను ఎవరూ అడగలేదు. 60 కోట్ల ప్రతిపాదనను బోర్డు పక్కన పెట్టింది. 24 కోట్ల లోపు చేయవచ్చా అన్నది జనవరి ఫలితాల తర్వాత చూద్దామన్నారు. ఈలోగా మేనత్తగారు మూడు లక్షల షేర్లు మార్కెట్లో అమ్ముకోవచ్చా?


బోర్డుగదిగుమాస్తా, 2025 నవంబర్ 19

వద్దు. బైబ్యాక్ పరిశీలనలో ఉందన్న సంగతే ధరను ప్రభావితం చేసే, ఇంకా బయటకు రాని సమాచారం. అది తెలిసిన ప్రమోటరు ఇప్పుడు అమ్మినా కొన్నా ఇన్‌సైడర్ ట్రేడింగ్ ప్రశ్న లేస్తుంది. బోర్డు తీర్మానం అయ్యాక ఆఫర్ ముగిసేవరకు ప్రమోటర్లు తమలో తాము బదిలీ చేసుకోవడం కూడా నిషిద్ధం. ఆలోచనను విరమించినట్టు మినిట్స్‌లో రాసి ఆమెను అమ్ముకోనివ్వాలి, లేదా బైబ్యాక్ పూర్తయ్యేదాకా ఆమె ఆగాలి. మనసులో ఉంచుకుని మినిట్స్‌లో విరమించామని రాయడం మూడో దారి కాదు.


లెక్కలపుస్తకం, 2026 ఫిబ్రవరి 2

నిన్నటి బడ్జెట్ ఈ చర్చను కొంత మార్చింది. బైబ్యాక్ సొమ్మును అందరికీ మూలధన లాభంగానే చూడాలని, ప్రమోటర్ల మీద మాత్రం అదనపు పన్ను వేసి, కంపెనీ రూపంలో ఉన్నవారికి 22 శాతం, మిగతావారికి 30 శాతం పడేలా చేయాలని ప్రతిపాదించారు. ఆ లెక్కన మేనత్తగారి 720 రూపాయల్లో సర్‌ఛార్జి, సెస్సు కలపకుండానే సుమారు 507 మిగులుతాయి, అవి కలిపితే ఇంకా తగ్గుతాయి, అంటే మార్కెట్లో 600కు అమ్మితే వచ్చే 512 కంటే తక్కువే. పాతవాటాదారు గారి వంటివారికి మాత్రం డివిడెండ్ లెక్క తప్పి 12.5 శాతం లెక్క వస్తుంది. నవంబరులో ప్రత్యేక డివిడెండే మేలన్న మాట చిన్నవాళ్ల విషయంలో ఇక నిలబడదు.


మోటారుపంపు, 2026 ఫిబ్రవరి 20

వేసవి సరుకు డబ్బు తిరిగి రావడం మొదలయ్యాక, మే నెలలో, 24 కోట్లకు మించకుండా బోర్డు మార్గంలో వెళ్లాలని అనుకుంటున్నాం. మూడు శాఖలూ పాల్గొనవు, ఎందుకో ప్రకటనలో రాస్తాం. ఆఫర్ ముగిశాక మేనత్తగారు తన మూడు లక్షల షేర్లు అమ్ముకుంటారు, అప్పుడు కుటుంబ వాటా 63 శాతం దగ్గర నిలుస్తుంది. షేర్లు తాకట్టుపెట్టబోమని అన్నదమ్ములిద్దరూ ఒక కాగితం మీద సంతకం చేశారు. నిన్న ఇదంతా మేనత్తగారికి ఫోనులో చెబితే, ఆగస్టు దాకా ఆగుతాను గానీ ఈలోగా ధర పడిపోతే ఆ తేడా ఎవరు భరిస్తారని అడిగారు. దానికి పెద్దనాన్నగారి దగ్గరా నాన్నగారి దగ్గరా ఇంకా జవాబు లేదు.